ప్రొఫెసర్ రమ్మన్నారు సరే, డబ్బు ఎక్కడిది?

ప్రశ్న: మేడమ్, నేను మెటీరియల్స్ సైన్స్‌లో ఎంటెక్ చేశాను. ప్రస్తుతం ఒక ల్యాబ్‌లో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా ఉన్నాను. అమెరికాలో పీహెచ్‌డీకి అప్లై చేసేముందు డజన్లకొద్దీ ప్రొఫెసర్లకు మెయిల్స్ పెట్టాను. చాలామంది జవాబే ఇవ్వలేదు. ఇప్పుడు చేతిలో మూడు అవకాశాలున్నాయి. మొదటిది బాగా పేరున్న సీనియర్ ప్రొఫెసర్ దగ్గర. తన రీసెర్చ్ గ్రాంట్ నుంచే ఆర్‌ఏ, అంటే రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్, ఇస్తానన్నారు, వారంలోగా ఏ సంగతో చెప్పమంటున్నారు. రెండోది కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర. ఆవిడకు పెద్ద గ్రాంట్లేమీ లేవు కానీ డిపార్ట్‌మెంట్ ఇచ్చిన ఆఫర్ లెటర్‌లో ఐదేళ్ల ఫండింగ్ అని ఉంది, మొదట్లో టీఏగా, అంటే టీచింగ్ అసిస్టెంట్‌గా, చేయాలి. మూడో ఆయన ‘ముందు సొంత ఖర్చుతో చేరు, వచ్చాక చూద్దాం’ అన్నారు. ర్యాంకులో ఆ యూనివర్సిటీయే పైన ఉంది కాబట్టి లోన్ తీసుకునైనా అక్కడికే వెళ్లమని ఇంట్లో పట్టుబడుతున్నారు. అసలు ప్రొఫెసర్లు స్టూడెంట్లను ఎలా ఎంచుకుంటారు? ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ఎవరి మాట నమ్మాలి? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. (పేరు వేయొద్దు.)

జవాబు: మూడో ఆఫర్ సంగతి ముందు తేల్చేద్దాం, మీకూ మీ ఇంట్లోవాళ్లకూ కాస్త నిద్ర పడుతుంది. వద్దు. సైన్స్, ఇంజినీరింగ్‌లలో అమెరికా పీహెచ్‌డీ అంటే ట్యూషన్ ఫీజు వాళ్లే కట్టి, పైగా బతకడానికి స్టైపెండ్ ఇచ్చే చదువు. ఆ రెండూ లేకుండా రమ్మంటున్నారంటే మీకోసం ఎక్కడా డబ్బు పక్కన పెట్టలేదనే అర్థం. ‘వచ్చాక చూద్దాం’ అన్నాయన చెడ్డవాడై ఉండనక్కర్లేదు. గ్రాంట్ కోసం ఒక ప్రపోజల్ పంపి ఫలితం కోసం ఎదురు చూస్తూ ఉండవచ్చు. ఆ గ్రాంట్ వస్తే మీకు ఇస్తారు. రాకపోతే ఆయనకు పోయేదేమీ లేదు, మీ మీద మాత్రం అప్పు ఉంటుంది. ఏడాదిపాటు జీతం ఇవ్వకుండా మీ పని ఎలా ఉంటుందో చూసుకునే వెసులుబాటు కూడా ఆయనకు దొరుకుతుంది. అందులో నష్టభయమంతా ఒక్కవైపే, అదీ మీ వైపే.

ర్యాంకు మాటకొస్తే, ఆ ర్యాంకు యూనివర్సిటీది. పీహెచ్‌డీ అయ్యాక మిమ్మల్ని ఉద్యోగంలోకి తీసుకునేవాళ్లు చూసేది ఎవరి గ్రూప్‌లో ఏం పని చేశారు, ఏం పేపర్లు వచ్చాయి, మీ గైడ్ మీ గురించి ఏం రాశారు అన్నవే ఎక్కువగా. ఇంట్లోవాళ్లకు ఇది చెప్పి ఒప్పించడం కష్టమని తెలుసు. లోన్ మొత్తాన్ని, నెలనెలా కట్టాల్సిన వడ్డీని ఒక కాగితం మీద వేసి చూపించండి, మాటలకంటే అది త్వరగా అర్థమవుతుంది.

ఇక మీ అసలు ప్రశ్న. ప్రొఫెసర్ ఒక విద్యార్థిని తీసుకోవాలనుకున్నప్పుడు మొదట చూసుకునేది మీ మార్కులు కాదు, తన అకౌంట్లో ఏముందో చూసుకుంటారు. మీ చేతికి వచ్చే స్టైపెండ్ ఒక్కటే ఖర్చు అని మనం అనుకుంటాం. గ్రాంట్ మీద ఆర్‌ఏగా పెట్టుకుంటే ఆ స్టైపెండ్‌తో పాటు ట్యూషన్, హెల్త్ ఇన్సూరెన్స్, స్టైపెండ్ లాంటి ఖర్చుల మీద యూనివర్సిటీ తీసుకునే ఓవర్‌హెడ్ కూడా గ్రాంట్ నుంచే పోతాయి. కరెంటుకీ, భవనాలకీ, అకౌంట్లు చూసే సిబ్బందికీ అన్న లెక్కతో తీసుకునే సొమ్ము అది, పెద్ద రీసెర్చ్ యూనివర్సిటీల్లో ఆ రేటు 50 శాతం దాటడం మామూలే. అన్నీ కలిపితే మీకు అందేదానికి రెట్టింపు దాకా, ఫీజులు భారీగా ఉన్న చోట్ల అంతకు మించి ఖర్చవుతుంది. దాంతో చాలామంది ప్రొఫెసర్లు ఇద్దరు విద్యార్థులా, ఒక పోస్ట్‌డాకా (పీహెచ్‌డీ అయ్యాక ల్యాబ్‌లో పరిశోధన చేసేవారు) అని లెక్కలు వేసుకుంటూ ఉంటారు. పోస్ట్‌డాక్‌కి ట్యూషన్ కట్టక్కర్లేదు, పని నేర్పక్కర్లేదు. అయినా విద్యార్థిని తీసుకున్నారంటే మీమీద నాలుగైదేళ్ల నమ్మకం పెట్టుకున్నట్టు.

అందుకే మీ మెయిల్స్‌లో చాలావాటికి జవాబు రాలేదు. అవన్నీ మిమ్మల్ని తిరస్కరించినట్టు కాదు. ఆ ఏడాది డబ్బు లేని ప్రొఫెసర్ ‘లేదు’ అని రాయడం కూడా మానేస్తారు, రోజూ అలాంటివి పదుల్లో వస్తాయి మరి. ఇంకొందరికి జవాబు ఇచ్చే అధికారమే ఉండదు. కొన్ని డిపార్ట్‌మెంట్లలో, ముఖ్యంగా మ్యాథ్స్‌లో, హ్యుమానిటీస్‌లో, చాలా కెమిస్ట్రీ విభాగాల్లో అడ్మిషన్ కమిటీయే తీసుకుంటుంది, గైడ్‌ని చేరిన తర్వాత ఎంచుకోవాలి. బయోమెడికల్ ప్రోగ్రాముల్లోనైతే మొదటి ఏడాది ఒక్కో ల్యాబ్‌లో కొన్ని వారాలు రొటేషన్ చేసి, ఆ తర్వాతే ఒకదాంట్లో స్థిరపడతారు. ఆ ఏడాది డబ్బు ప్రోగ్రామ్ పెట్టుకుంటుంది. అలాంటిచోట అప్లికేషన్‌కి ముందు ప్రొఫెసర్‌కి ఎంత గొప్ప మెయిల్ రాసినా ఒరిగేది తక్కువ. ఇంజినీరింగ్, మెటీరియల్స్ లాంటి చోట్ల ప్రొఫెసర్ ‘ఈ అప్లికెంట్ నాకు కావాలి, డబ్బు నేను పెట్టుకుంటాను’ అని కమిటీకి చెబితే పని సులువవుతుంది. మీకు వచ్చిన మొదటి ఆఫర్ ఇలాగే వచ్చి ఉంటుంది.

మీ తర్వాత మెయిల్స్ రాసేవాళ్ల కోసం ఒక మాట. ఇలాంటి మెయిల్స్ అందుకునే వైపు నేనూ ఉన్నాను. ‘రెస్పెక్టెడ్ సర్, మీ అద్భుతమైన పరిశోధనకు ముగ్ధుడినయ్యాను’ అని మొదలైన మెయిల్‌ని, అదీ నన్ను సర్ అని పిలిచినదాన్ని, మూడో లైను దాకా చదవబుద్ధి కాదు. ఆ మధ్య ఒక అమ్మాయి మెయిల్ పెట్టింది. మొత్తం ఏడెనిమిది వాక్యాలు. మా పేపర్‌లో ఒక బొమ్మలో తేమ పెరిగేకొద్దీ వాహకత పడిపోయింది కదా, తన ఎంటెక్ శాంపిల్స్‌లో అదే పదార్థం వేరే పద్ధతిలో చేస్తే పెరిగింది, కారణం కణాల సైజు అయి ఉంటుందా అని అడిగింది. తన డేటా ఉన్న ఒక్క గ్రాఫ్ జత చేసింది. చివర్లో ‘వచ్చే ఏడాది మీరు కొత్త విద్యార్థిని తీసుకునే ఆలోచనలో ఉన్నారా’ అని సూటిగా ఒక వాక్యం. ఆ మెయిల్‌కి నేను అదే రోజు జవాబిచ్చాను. ఆ ఏడాది నా దగ్గర డబ్బు లేదు, ఉన్న ఇంకొకరికి పంపించాను. సీవీలో పది వర్క్‌షాప్ సర్టిఫికెట్లు పెట్టినవాళ్ల కోసం ఎవరూ అలా చేయరు.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నదానికి వద్దాం. మీరు ఎంచుకోవాల్సినవి పైకి ఇద్దరు ప్రొఫెసర్లలా కనిపిస్తున్నాయి గానీ, నిజానికి రెండు రకాల డబ్బు.

సీనియర్ ప్రొఫెసర్ ఇస్తానన్నది గ్రాంట్ డబ్బు. గ్రాంట్‌కి మొదలూ చివరా తేదీలుంటాయి. అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్, అంటే ఎన్‌ఎస్‌ఎఫ్, ఇచ్చేవాటిలో ఎక్కువ భాగం మూడేళ్లవి. యువ ప్రొఫెసర్లకిచ్చే కెరీర్ అవార్డు ఐదేళ్లది. వైద్య పరిశోధనకు డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ ఇచ్చే ఆర్‌01 గ్రాంట్ కూడా ఐదేళ్లు దాటదు, తర్వాత మళ్లీ అప్లై చేసుకోవాల్సిందే. మీ పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది. అంటే ఒక్క గ్రాంట్‌తో మొదలై అదే గ్రాంట్‌తో డిగ్రీ పూర్తవడం అరుదు. పైగా ఆయన మిమ్మల్ని తీసుకునేది గ్రాంట్ మొదలైన రోజే కానక్కర్లేదు. రెండో ఏడాదో మూడో ఏడాదో నడుస్తున్న ప్రాజెక్టులో ఒక విద్యార్థి మానేస్తే ఆ ఖాళీలోకి మిమ్మల్ని పిలుస్తూ ఉండవచ్చు.

ఇది ఆయన్ని అడగకముందే మీరు తెలుసుకోవచ్చు. ఎన్‌ఎస్‌ఎఫ్ అవార్డ్ సెర్చ్ అనే పేజీ అందరికీ తెరిచే ఉంటుంది. ప్రొఫెసర్ పేరు కొట్టండి. ఆయనకొచ్చిన ప్రతి గ్రాంట్ పేరు, ఎంత సొమ్ము, ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగుస్తుంది, సారాంశం ఏమిటి అన్నీ వస్తాయి. ఎన్‌ఐహెచ్ గ్రాంట్లకు రిపోర్టర్ అనే సైటు ఉంది. రక్షణ, ఇంధన శాఖల నుంచి వచ్చేవి కొన్ని యూఎస్‌ఏ స్పెండింగ్ అనే సైటులో కనిపిస్తాయి. యూరప్ ప్రాజెక్టులకు కార్డిస్, జర్మనీ పరిశోధన సంస్థ డీఎఫ్‌జీ గ్రాంట్లకు గెప్రిస్, బ్రిటన్‌కు గేట్‌వే టు రీసెర్చ్ ఉన్నాయి. మెయిల్‌లో ఎంతో భక్తి ఒలకబోసే విద్యార్థులు ఈ పది నిమిషాల పని చేయకపోవడం నాకెప్పుడూ ఆశ్చర్యమే. ముగింపు తేదీ వచ్చే ఏడాదే కనిపిస్తే వెంటనే బెంబేలెత్తకండి, ఖర్చు కాని సొమ్ముతో ఇంకో ఏడాది గడువు పొడిగించుకునే వీలుంటుంది. సీనియర్లకు ఒకటి అయిపోతుండగా ఇంకోటి మొదలవుతూ ఉండటం కూడా మామూలే. ఆయన పేరు మీద పదిహేనేళ్లుగా ఎడం లేకుండా గ్రాంట్లు ఉంటే అదొక భరోసా. మధ్యలో రెండు మూడేళ్ల ఖాళీలు కనిపిస్తే, ఆ ఖాళీల్లో ఆయన విద్యార్థులు ఎలా బతికారన్నదే మీరు అడగాల్సిన ప్రశ్న.

గ్రాంట్ డబ్బుకు ఇంకో గుణం ఉంది. అది మీ టాపిక్‌ని కూడా నిర్ణయిస్తుంది. బ్యాటరీ ఎలక్ట్రోలైట్ మీద వచ్చిన సొమ్ముతో మిమ్మల్ని పెట్టుకున్నవాళ్లు మీకు ఇంకేదో ఆసక్తిగా అనిపించిందని దాని మీద మూడు నెలలు గడపనివ్వలేరు, ఏటా రిపోర్టు పంపాలి కదా. అదొక లోపం అనను. స్పష్టమైన ప్రాజెక్టు, తయారుగా ఉన్న పరికరాలు, పక్కన పోస్ట్‌డాక్ ఉంటే మొదటి పేపర్ త్వరగా వస్తుంది. మీకు ఆ ప్రాజెక్టు నచ్చిందా లేదా అన్నదే చూసుకోవాలి.

అన్ని గ్రాంట్ల డబ్బూ మీకు ఇవ్వడానికి కుదరదని కూడా తెలుసుకోండి. అమెరికాలో ఎన్‌ఐహెచ్ ట్రైనింగ్ గ్రాంట్లు గానీ, ఎన్‌ఎస్‌ఎఫ్ గ్రాడ్యుయేట్ ఫెలోషిప్ గానీ ఆ దేశ పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే. బ్రిటన్‌లో పరిశోధనకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ యూకేఆర్‌ఐ స్టూడెంట్‌షిప్‌లు 2021 నుంచి విదేశీ విద్యార్థులకూ తెరిచారు గానీ వాళ్ల వాటా 30 శాతానికి మించకూడదన్నారు. దానిపైన విదేశీ ఫీజుకీ స్థానిక ఫీజుకీ ఉన్న తేడాను ఎవరు భరిస్తారన్న గొడవ ఒకటి. యూరోపియన్ యూనియన్ మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్క్‌లలో ఇది తిరగబడుతుంది. చేరేముందు మూడేళ్లలో ఏడాదికి మించి ఆ దేశంలో ఉండి ఉండకూడదన్న నియమం బయటివాళ్లకే కలిసొస్తుంది. జర్మనీ, నెదర్లాండ్స్‌లలో చాలా పీహెచ్‌డీలు ఏకంగా ఉద్యోగాలు, యూరాక్సెస్ లాంటి రీసెర్చ్ ఉద్యోగాల సైట్లలో ప్రకటన ఇచ్చి ఇంటర్వ్యూ చేసి తీసుకుంటారు, కాంట్రాక్ట్ చేతికిస్తారు. కాబట్టి ఒక ప్రొఫెసర్ ‘మీరు బాగున్నారు కానీ తీసుకోలేను’ అంటే అది కొన్నిసార్లు అక్షరాలా నిజం.

రెండో ఆఫర్‌లో మీకు ఇస్తున్నది డిపార్ట్‌మెంట్ డబ్బు. బీఎస్సీ, బీటెక్ పిల్లలకు ల్యాబ్‌లు చూపించడానికి, పేపర్లు దిద్దడానికి డిపార్ట్‌మెంట్‌కి ఏటా మనుషులు కావాలి. ఆ పిల్లలు కట్టే ఫీజులే మీ టీఏ జీతానికి ఆధారం. ఒక్క ప్రొఫెసర్ గ్రాంట్ రాలేదని అది ఆగిపోదు. దీని ఖరీదు మీ సమయం. వారానికి ఇరవై గంటలు అని రాసి ఉంటుంది. ఎఫ్‌-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో అంతకు మించి పని చేయకూడదు కూడా. మొదటి ఏడాది కోర్సులు, క్వాలిఫయింగ్ ఎగ్జామ్, పైన టీఏ అంటే ల్యాబ్‌లో కాలు పెట్టేదే సాయంత్రాలు. చాలా యూనివర్సిటీల్లో విదేశీ టీఏలకు ఇంగ్లిష్‌లో మాట్లాడే పరీక్ష కూడా ఉంటుంది. టోఫెల్ స్పీకింగ్‌లో మీ స్కోరు సరిపోతుందో లేదో ఇప్పుడే అడిగి తెలుసుకోండి, ఆగస్టులో తెలుసుకుని ప్రయోజనం లేదు.

కొత్త అసిస్టెంట్ ప్రొఫెసర్ అంటే మనవాళ్లు కాస్త చిన్నచూపు చూస్తారు. పెద్ద గ్రాంట్లు లేవన్నారు సరే, చేరేటప్పుడు యూనివర్సిటీ ఇచ్చిన స్టార్టప్ సొమ్ము ఆవిడ దగ్గర ఉండి తీరాలి. పరికరాలు కొనుక్కోవడానికి, మొదటి ఒకరిద్దరు విద్యార్థులను పోషించడానికే అది ఇస్తారు, సాధారణంగా మొదటి మూడు నాలుగేళ్లలో ఖర్చు పెట్టుకోవాలి. ఆరో ఏడాది ప్రాంతంలో టెన్యూర్ నిర్ణయం వస్తుంది, అంటే ఉద్యోగం పర్మనెంటా కాదా అన్నది తేలుతుంది. ఆలోపు పేపర్లు రావాలి, అవి రావాలంటే మీరు బాగా పని చేయాలి. మీ డ్రాఫ్ట్‌ని రాత్రికి రాత్రి చదివి పంపే గైడ్ కావాలంటే ఈ దశలో ఉన్నవాళ్లే దొరుకుతారు. పాతికమంది గ్రూప్ ఉన్న సీనియర్ దగ్గర మీకు పని నేర్పేది ఆయన కాదు, పోస్ట్‌డాక్. అవతలివైపు రిస్కూ ఉంది. ఆవిడకు టెన్యూర్ రాకపోవచ్చు, మంచి అవకాశం వస్తే ఇంకో యూనివర్సిటీకి మారిపోవచ్చు. మొదటి విద్యార్థిగా ఖాళీ గదిలో పరికరాల డబ్బాలు విప్పడంతోనే మీకు ఆరు నెలలు గడిచిపోవచ్చు. ఆవిడనే అడగండి, ‘ల్యాబ్ ఎంతవరకు తయారైంది’ అని. దాచిపెట్టే విషయమేమీ కాదిది.

ఇప్పుడు రెండు ఆఫర్ లెటర్లూ బయటికి తీసి పక్కపక్కన పెట్టుకోండి. సీనియర్ ప్రొఫెసర్ నుంచి మెయిల్ తప్ప యూనివర్సిటీ లెటర్ ఇంకా రాకపోతే, అది ఇంకా ఆఫర్ కాదు. లెటర్‌లో స్టైపెండ్ అంకె దగ్గరే కళ్లు ఆగిపోతాయి, దాని పక్కన తొమ్మిది నెలలకా పన్నెండు నెలలకా అన్నది చూడండి. తొమ్మిది నెలలకైతే వేసవిలో ఎవరిస్తారు? ట్యూషన్ వేవర్ అని ఉన్నా ‘ఫీజులు’ అనే పేరుతో సెమిస్టర్‌కి కొంత మీరే కట్టాల్సి వస్తుంది చాలాచోట్ల. హెల్త్ ఇన్సూరెన్స్ ఎవరిదో చూడండి. ఇంకాస్త కింద ‘సంతృప్తికరమైన పురోగతి, నిధుల లభ్యతను బట్టి’ అనే ముక్క కనిపిస్తుంది. పురోగతి అన్న షరతు అందరికీ ఉండేదే, భయపడక్కర్లేదు. నిధుల లభ్యత అన్నచోటే ఆగండి. డిపార్ట్‌మెంట్ రాసిన ఐదేళ్ల లెటర్‌లో ఆ ముక్క ఉన్నా, ఒక గ్రాంట్ పోతే టీఏగా మార్చే అలవాటు ఉంటుంది. ఒక్క ప్రొఫెసర్ గ్రాంట్ మీద ఏడాదికి ఇచ్చిన లెటర్‌లో అదే ముక్క ఉంటే దాని బరువు వేరు. 2025లో అమెరికాలో ఫెడరల్ గ్రాంట్లు ఉన్నట్టుండి ఆగిపోయినప్పుడు కొన్ని యూనివర్సిటీలు పీహెచ్‌డీ సీట్లు తగ్గించాయి, ఇచ్చిన ఆఫర్లను వెనక్కి తీసుకున్న చోట్లూ ఉన్నాయి. ఆ తర్వాత ఈ ముక్కను ఎవరూ తేలిగ్గా తీసుకోవడం లేదు.

ఈ సందేహాలన్నిటికీ సూటిగా జవాబు చెప్పగలిగే మనిషి ఒకరుంటారు, విద్యార్థులు వాళ్లను గుమాస్తా అనుకుని వదిలేస్తారు. గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్. ఎవరికి ఏ సెమిస్టర్ ఏ అకౌంట్ నుంచి జీతం వెళ్లిందో, గత ఏడాది గ్రాంట్ పోయిన విద్యార్థికి టీఏ ఎలా సర్దారో, ఎవరు గైడ్ మారారో ఆ కోఆర్డినేటర్‌కి తెలిసినంత డిపార్ట్‌మెంట్ హెడ్‌కి కూడా తెలియదు. వ్యక్తుల గురించి చెప్పరు గానీ పద్ధతి గురించి అడిగితే చెబుతారు. ‘ఒక ఆర్‌ఏ విద్యార్థికి మధ్యలో గ్రాంట్ ఆగిపోతే మీ డిపార్ట్‌మెంట్ ఏం చేస్తుంది?’ ఈ ఒక్క ప్రశ్న మర్యాదగా మెయిల్‌లో అడగండి. ‘సాధారణంగా టీఏ ఇస్తాం, ఇంతవరకు ఎవరినీ మధ్యలో వదల్లేదు’ అని వస్తే సీనియర్ ప్రొఫెసర్ ఆఫర్ బలం ఒక్కసారిగా పెరుగుతుంది. ‘అది గైడ్, విద్యార్థి చూసుకోవాలి’ అని వస్తే మీకు జవాబు దొరికినట్టే.

తర్వాత ఆ ల్యాబ్‌లో ఇప్పుడున్న విద్యార్థులతో మాట్లాడండి. రాతలో కాదు, ఫోన్‌లోనో వీడియో కాల్‌లోనో. గైడ్ మంచివారా అని అడిగితే అందరూ మంచివారనే చెబుతారు. జరిగినవి అడగండి. ల్యాబ్ నుంచి డిగ్రీ లేకుండా వెళ్లిపోయినవాళ్లున్నారా, ఎందుకు వెళ్లారు? చివరిసారి డ్రాఫ్ట్ ఇస్తే ఎన్నాళ్లకు తిరిగొచ్చింది? వారానికోసారి కలుస్తారా, లేక నెలకోసారి గ్రూప్ మీటింగ్‌లో కనిపించడమేనా? కాన్ఫరెన్స్‌కి వెళ్తే ఖర్చు ముందే ఇస్తారా, మీరు పెట్టుకుని తర్వాత రాబట్టుకోవాలా? ఇంటికి వెళ్లడానికి సెలవు అడిగినప్పుడు ఏమన్నారు? ఐదో ఏడాదిలో ఉన్నవాళ్లు తటపటాయించకుండా జవాబు చెబితే సరే. ప్రశ్న తర్వాత ఒక పాజ్ వచ్చి, ‘ఆయన చాలా బిజీగా ఉంటారు’ అని తేల్చేస్తే దాన్ని గుర్తుపెట్టుకోండి. వీలైతే గ్రూప్ పేజీలో పాత విద్యార్థుల జాబితా చూసి, అందులో పేరు లేకుండా పేపర్లలో మాత్రమే కనిపించి మాయమైనవాళ్లెవరైనా ఉన్నారేమో చూడండి. వాళ్లతో మాట్లాడితే రెండోవైపు తెలుస్తుంది, దాన్నీ పూర్తిగా నమ్మాలని లేదు.

విద్యార్థికి అండగా నిలబడటమంటే మా యూనివర్సిటీలవాళ్లు పెద్ద పెద్ద మాటలు వాడతారు, వెల్‌నెస్ వారాలు జరుపుతారు. నాకైతే దాని అర్థం చాలా చిన్నది. గ్రాంట్ అయిపోతోందని ఆరు నెలల ముందే విద్యార్థికి చెప్పే గైడ్ అండగా ఉన్నట్టు. ఆఖరి నెలలో ‘వచ్చే సెమిస్టర్ టీఏ వెతుక్కో’ అనేవాళ్లు ఎంత గొప్ప సైంటిస్ట్ అయినా కానట్టు. అందుకే ఆ సీనియర్ ప్రొఫెసర్‌ని ఈ రెండు ప్రశ్నలూ నేరుగా అడగండి: నన్ను పెట్టే గ్రాంట్ ఎప్పటివరకు ఉంది, ఆ తర్వాత నా ఫండింగ్‌కి మీ ఆలోచన ఏమిటి? ఇలా అడిగితే ఏమనుకుంటారో అని మీకు మొహమాటంగా ఉంటుంది. అక్కడ ఇది రోజూ అడిగే ప్రశ్న. నిజాయతీ ఉన్నవాళ్లు ‘రెండేళ్లకు ఉంది, ఇంకో ప్రపోజల్ పంపాను, రాకపోతే టీఏ’ అని ఒక్క పేరాలో చెప్పేస్తారు. చిరాకు పడ్డారంటే, రేపు ఇన్సూరెన్స్ గురించో సెలవు గురించో అడిగినా అంతే.

ఎవరి మాట నమ్మాలని అడిగారు కాబట్టి నా మొగ్గు చెబుతున్నాను. ఉన్న వివరాలను బట్టి రెండో ఆఫర్ వైపే. ఐదేళ్ల మాట డిపార్ట్‌మెంట్ ఇచ్చింది, గైడ్‌తో పొసగకపోతే అక్కడే ఇంకొకరి దగ్గరికి మారినా ఆ మాట మీతోనే ఉంటుంది. గ్రాంట్ మీద వచ్చిన విద్యార్థికి గైడ్‌ని వదలడమంటే చాలాసార్లు జీతాన్ని కూడా వదలడమే. మొదటాయన ఆ రెండు ప్రశ్నలకు సరైన జవాబులిచ్చి, డిపార్ట్‌మెంట్ కూడా వెనక ఉంటామని రాసిస్తే, ఆ ప్రాజెక్టు మీకు నిజంగా నచ్చితే, అటు వెళ్లినా తప్పు పట్టను. పేరున్న గ్రూప్ తలుపులు తెరుస్తుందన్నది అబద్ధమేమీ కాదు.

వారంలో చెప్పమన్న ఒత్తిడి సంగతి. అమెరికాలో కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ ఆధ్వర్యంలో చాలా యూనివర్సిటీలు ఒక తీర్మానం మీద సంతకం చేశాయి. ఫాల్‌లో, అంటే ఆగస్టు, సెప్టెంబరుల్లో, చేరబోయే విద్యార్థికి ఫెలోషిప్ గానీ, అసిస్టెంట్‌షిప్ గానీ ఇస్తామన్నప్పుడు ఏప్రిల్ 15 కంటే ముందు జవాబు చెప్పి తీరాలని ఒత్తిడి చేయకూడదని అందులో ఉంది. సంతకం చేసినవాళ్ల జాబితా కౌన్సిల్ సైటులో పెట్టారు, ఆ యూనివర్సిటీ పేరు ఉందో లేదో చూడండి. ఉంటే, ప్రొఫెసర్‌తో తగువు పెట్టుకోవద్దు. ‘మీ ఆఫర్‌కి చాలా సంతోషం. ఇంకో ఆఫర్ కూడా పరిశీలనలో ఉంది. ఏప్రిల్ 15లోగా, వీలైతే ఇంకా ముందే చెబుతాను’ అని రాయండి. తీర్మానం పేరు మీరు ఎత్తనక్కర్లేదు, తేదీ చూడగానే ఆయనకే అర్థమవుతుంది.

ఏది ఎంచుకున్నా, నిర్ణయించుకున్న రోజే రెండోవాళ్లకు ‘రావడం లేదు’ అని రెండు వాక్యాలు రాసేయండి. మొహమాటపడి ఏప్రిల్ 14 రాత్రి దాకా నానబెట్టేవాళ్లు చాలామంది. మీరు వదిలేసిన ఆ డబ్బు వెయిటింగ్ లిస్టులో ఉన్న ఇంకొకరికి వెళ్లాలి, వాళ్లకీ వీసా అపాయింట్‌మెంట్ దొరకాలి కదా. ఆ మూడో ఆయనకు కూడా రాయండి: గ్రాంట్ వస్తే చెప్పమనండి, వచ్చే ఏడాది అప్లై చేసే మీ స్నేహితులకైనా పనికొస్తుంది.